బాలఖైదీ చేతికి వచ్చిన బూర

మన గుడులలో బాప్తిస్మపు రిజిస్టరు బీరువాలో ఒక మూల పడి ఉంటుంది. పెండ్లి వేళనో, వయస్సు ఋజువు చూపవలసి వచ్చినప్పుడో తప్ప దాని సంగతి ఎవరికిని జ్ఞాపకము రాదు. అమెరికా దేశములో న్యూ ఆర్లియన్స్ అను రేవుపట్టణము కలదు. అచ్చటి తిరుహృదయ కథోలిక దేవాలయపు రిజిస్టరులో 1901 ఆగస్టు 25వ తేదీన వ్రాసిన ఒక చిన్న పద్దు, సుమారు ఎనభై యేండ్ల తరువాత, 1980 దశకములో ఒక పరిశోధకుని కంట పడింది. ఆ నెల 4వ తేదీన పుట్టిన ఒక నల్లజాతి శిశువు పేరు అందులో ఉన్నది. ఆ శిశువే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జాజ్ అని పిలువబడే సంగీతమునకు లోకమంతటా పేరు తెచ్చిన బూర వాద్యగాడు. తాను 1900 జూలై 4న, అనగా వారి స్వాతంత్ర్య దినమున పుట్టినట్లు ఆయన చెప్పుకొనేవాడు. లోకమును అదే నమ్మింది. అసలు తేదీని ఆ గుడి పుస్తకమొక్కటే దాచి ఉంచింది.

మన శతవార్షిక సంచికలో దేశాంతరపు వాద్యగాని కథ ఎందుకని కొందరు అడుగవచ్చును. కారణము చెప్పెదము. క్రిస్మసు దినములలో మన సంఘములనుండి యువజనులు, స్త్రీల మైత్రివారు బాలనేరస్థుల గృహములకు వెళ్లుట వాడుక. కేకులు పంచుతాము, హార్మోనియము పెట్టి రెండు పాటలు పాడుతాము, ప్రార్థన చేసి తిరిగి వస్తాము. పిల్లలు చేతులు కట్టుకొని వింటారు. పాడేవారము మనము, వినేవారు వారు. ఈ వరుస తారుమారైతే ఏమి జరుగుతుందో, వినే పిల్లవాని చేతిలోనే వాద్యము పెడితే ఏమవుతుందో ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యము చూపుతుంది. అందుకే ఆయన కీర్తి దినములకంటె ఆయన గడిపిన ఒకటిన్నర సంవత్సరపు బందిఖానాను గురించియే ఇక్కడ ఎక్కువగా వ్రాయదలచాము.

తండ్రి విలియము, బిడ్డ పుట్టిన కొద్ది కాలానికే ఇల్లు విడిచి వేరొక స్త్రీతో కాపురము పెట్టాడు. తల్లి మేరీ ఆల్బర్ట్‌ను అందరును మేయాన్ అని పిలిచేవారు; ఆమె ఇంకను పిన్నవయస్కురాలు. పిల్లవానిని మొదటి అయిదేండ్లు సాకినది నాయనమ్మ జోసెఫీన్. ఆమె తెల్లవారి ఇండ్లకు బట్టలు ఉతికి బ్రతికేది. మనుమని చేయి పట్టుకొని గుడికి, ఆదివారపు బడికి తీసుకొని పోయేది. లూయీ మొదట నోరు విప్పి పాడినది అక్కడనే. తరువాత తల్లివద్దకు, చెల్లెలు బియాట్రిస్ వద్దకు చేరాడు. వారు కాపురమున్న పేటకు ఆ పట్టణములో యుద్ధభూమి అని పేరు. సారా కొట్లు, జూదపు శాలలు, కత్తిపోట్లు, పడుపు గృహములు అన్నియు ఆ నాలుగు వీధులలోనే. మేయాన్ ఇండ్లలో పనిచేసేది. కడుపు నిండని రోజులలో ఆమె చెప్పరాని త్రోవ తొక్కినదేమో తనకు తెలియదని ఆయన పెద్దవాడైన తరువాత వ్రాసుకొన్నాడు. అయినను తల్లిని ఏనాడును తక్కువ చేసి మాట్లాడలేదు. ఆమె బిడ్డలను గుడికి పంపుట మానలేదు. ఈ మాట మనవారు గమనించవలెను. ఎందుకనగా అట్టి పేటలనుండి వచ్చిన తల్లులు మన గుడులలో వెనుక చాపమీద కూర్చొని, ఆశీర్వచనము కాకముందే లేచి వెళ్లిపోతూ ఉంటారు.

కార్నోఫ్‌స్కీ అను యూదుల కుటుంబము ఆ పేటకు దగ్గరలో ఉండేది. లిథువేనియానుండి వలస వచ్చినవారు. పాత సామానులు కొనుట, బొగ్గు అమ్ముట వారి వ్యాపారము. లూయీ వారి బండిమీద పనికి కుదిరి, జనమును పిలుచుటకు ఒక రేకు బూర ఊదేవాడు. రాత్రి వేళ వారు తమతో కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టేవారని, తాకట్టు కొట్టులోని పాత కార్నెట్ కొనుక్కొనుటకు ముందుగా డబ్బు ఇచ్చారని ఆయన 1969లో ఆసుపత్రి మంచముమీద ఉండి వ్రాసిన జ్ఞాపకములలో చెప్పాడు. ఆ కృతజ్ఞతతో ఆయన చాల యేండ్లు మెడలో దావీదు నక్షత్రమును ధరించాడు. కార్నెట్ అనగా మన పెండ్లి బ్యాండులో ముందు నడిచేవాడు ఊదే ట్రంపెట్‌కు తమ్మునివంటిది. కొంచెము పొట్టిగా, నాదము మెత్తగా ఉంటుంది. వాద్యము దొరికినది గాని నేర్పేవాడు లేడు. పిల్లవాడు ముగ్గురు స్నేహితులను కూడగట్టుకొని వీధి మూలలలో పాడి చిల్లర పోగుచేసి తల్లికి ఇచ్చేవాడు.

ఇక నేరము సంగతి. న్యూ ఆర్లియన్స్‌లో క్రొత్త సంవత్సరపు రాత్రి తుపాకులు పేల్చుట వాడుక. మనవారు టపాకాయలు కాల్చినట్లే. 1912 డిసెంబరు 31న లూయీ ఇంటిలో మారుతండ్రి పిస్తోలు దొరికింది. దానిలో ఉత్త మందుగుండే గాని గుండు లేదు. స్నేహితులతో పాడుకొంటూ రాంపార్ట్ వీధికి వచ్చి, మరియొక పిల్లవాడు పేల్చినందుకు బదులుగా తానును ఆకాశమువైపు పేల్చాడు. వెనుకనుండి పోలీసు పట్టుకొన్నాడు. మరుసటి దినము, 1913 జనవరి 1న, బాలల న్యాయస్థానము అతనిని నల్లజాతి దిక్కులేని పిల్లల గృహమునకు పంపింది. ఎంత కాలమని గడువు లేదు. అప్పటికి అతనికి పదకొండేండ్లు. 1910లో కూడ ఒకసారి పోలీసులు పట్టుకొని కొద్ది దినములు అదే గృహములో ఉంచిన సంగతి పాత పత్రికలవల్ల ఇటీవలి కాలములో బయటపడింది. ఎవరికిని దెబ్బ తగలని ఒక్క ప్రేలుడుకు పసివానిని ఏండ్ల తరబడి తల్లినుండి వేరుచేయుట న్యాయమని మేము అనజాలము. తెల్లవారి పిల్లవాడు అదే పని చేసి ఉంటే చెవి మెలిపెట్టి ఇంటికి పంపేవారు కారా అను సందేహమును మాకు కలదు.

ఆ గృహము పట్టణపు అంచున, పాడి పశువుల దొడ్ల సమీపమున ఉండేది. దానిని నడిపినవాడు జోసెఫ్ జోన్స్ అను నల్లజాతి మాజీ సైనికుడు. అందరును కెప్టెన్ అనేవారు. పెద్దల జైళ్లలో నల్లపిల్లలు పడి పాడైపోకుండ వేరు చోటు ఉండవలెనని ఆయనయు, ఆయన భార్య మాన్యుయెలాయు కష్టపడి దానిని నిలిపారు. డబ్బు చాలదు. భోజనము చిక్కుడు గింజలు, రొట్టె, బెల్లపు పాకము. పిల్లలు కొయ్య తుపాకులు భుజాన వేసుకొని కవాతు చేసేవారు. తోటపని, వడ్రంగము, వంట, గచ్చు కడుగుట అన్నియు వారే. తప్పు చేసినవారికి దెబ్బలు. పారిపోయి దొరికినవారికి మరింత ఘోరమైన దెబ్బలు. దానిని స్వర్గముగా వర్ణించుట మాకు ఇష్టము లేదు. లూయీ మొదటి మూడు దినములు ముద్ద ముట్టలేదు. నాలుగవ దినము ఆకలి గెలిచింది.

అక్కడ పీటర్ డేవిస్ అను ఉపాధ్యాయుడు ఉండేవాడు. పిల్లల చేత పాడించి, బ్యాండు వాయింపజేసేవాడు. కథలలో వచ్చే గురువులవలె ఆయన మొదటి చూపులోనే శిష్యుని ప్రతిభ గుర్తించాడని వ్రాయగలిగితే బాగుండును. కాని జరిగినది అది కాదు. పిల్లవాడు ఏ పేటనుండి వచ్చాడో తెలియగానే డేవిస్ ముఖము ముడుచుకొన్నాడు. ఆ వీధుల పిల్లలు బాగుపడరని ఆయన నమ్మకము. లూయీ బ్యాండు అభ్యాసము జరిగే గది ద్వారమువద్ద నిలువబడి చూచేవాడు. లోనికి రమ్మని పిలుపు లేదు. చేయని తప్పులు కూడ అతని నెత్తిమీదికే వచ్చేవి. కాలము గడచిన కొలది డేవిస్ అతనిని గమనించాడు. మొదట పాడేవారిలో చేర్చాడు. ఒకనాడు భోజనశాలలో అతని దగ్గరకు వచ్చి బ్యాండులో చేరెదవా అని అడిగాడు. ఈ సంగతులు ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో ప్రచురించిన తన జీవితకథలో వ్రాసినవే. గురువుమీద ఆయనకు చివరివరకు ప్రేమ ఉన్నది, అయినను ఆ మొదటి ముడుచుకొన్న ముఖమును దాచలేదు.

బ్యాండులో చేరినవాడు కార్నెట్ వస్తుందని ఆశపడ్డాడు. చేతికి వచ్చినది టాంబురిన్, గజ్జెలు కట్టిన కంజిరవంటిది. నోరు మెదపకుండ దానినే వాయించాడు. తాళము తప్పకుండుట చూచి డ్రమ్ము ఇచ్చారు. తరువాత ఆల్టో కొమ్ము. ఆ వాద్యము పాట ముందు భాగమును వాయించదు. ప్రక్కనుండి రెండవ స్వరము అందిస్తుంది. మన గాయకబృందములో సోప్రానోవారికి క్రింద ఆల్టోవారు పాడినట్లు. వీధి మూలలలో నలుగురు కలిసి పాడినవాడు గనుక రెండవ స్వరము ఎక్కడ ఒదుగుతుందో అతని చెవికి ముందే తెలుసు. పిమ్మట గృహపు బ్యూగిల్ ఊదే పిల్లవాడు విడుదలై వెళ్లిపోగా ఆ పని లూయీకి వచ్చింది. నిద్ర లేపుటకు, భోజనమునకు, పండుకొనుటకు అందరును ఆ బ్యూగిల్ పిలుపునకే కదలవలెను. చిలుము పట్టి పచ్చబడిన ఆ ఇత్తడి బ్యూగిల్‌ను అతడు మొదట తళతళలాడునట్లు తోమాడు. మేము ఈ చిన్న విషయమువద్ద కొంచెము ఆగదలచుకొన్నాము. అంతవరకు ఆ ఇంటిలో అతడు ఆజ్ఞలు వినేవాడు మాత్రమే. ఇప్పుడు అతడు ఊదితేగాని నూరుమందికి తెల్లవారదు. తాళము వేసిన గదిలో ఉన్నవానికి ఒక బాధ్యత అప్పగించబడింది. వాద్యము తోముమని ఎవరైనను చెప్పినట్లు ఎక్కడను లేదు.

చివరకు కార్నెట్ వచ్చింది. డేవిస్ మొదట నేర్పినది ఇంటి సుఖమును గూర్చిన ఆ ప్రసిద్ధమైన ఆంగ్ల గీతము, హోమ్ స్వీట్ హోమ్. ఇంటికి పోలేని పిల్లలకు ఆ పాటయే నేర్పుట ఏమి చోద్యమో! పెదవులు ఎట్లు బిగించవలెను, ఊపిరి ఎక్కడ ఆపవలెను, స్వరము గుండ్రముగా ఎట్లు రావలెను అనునవి అతడు క్రమముగా నేర్చుకొన్నది అప్పుడే. కొంత కాలానికి డేవిస్ అతనిని బ్యాండుకు నాయకునిగా నియమించాడు.

ఒకనాడు గృహపు బ్యాండు ఊరేగింపుగా పట్టణములోనికి వచ్చింది. ఆ పట్టణములో బ్యాండు లేని వేడుక లేదు. శవసంస్కారమునకు కూడ బ్యాండు ఉంటుంది. సమాధులతోటవరకు శోకగీతము వాయించి, తిరుగు త్రోవలో ఆనందగీతము ఎత్తుకొంటారు. పునరుత్థానమును నమ్మే మనకు ఈ ఆచారము వింతగా తోచనవసరము లేదు. ఆ దినము పిల్లలు నీలపు కోట్లు, మడిచిన తెల్ల లాగులు, టోపీలు ధరించి, తమ నాయకుడైన లూయీ వెనుక యుద్ధభూమి వీధులలోనికి నడిచి వచ్చారు. జూదరులు, సారాకొట్టువారు, వీధి స్త్రీలు ఇండ్లు విడిచి పరుగెత్తి వచ్చారు. నిద్రపోతున్న మేయాన్‌ను ఎవరో లేపారు. పిల్లలకు డబ్బు ఇవ్వవచ్చునా అని పేటవారు డేవిస్‌ను అడుగగా ఆయన సరే అన్నాడు. టోపీలు నిండిపోయాయి. గృహపు బ్యాండుకు క్రొత్త దుస్తులు, క్రొత్త వాద్యములు కొనుటకు ఆ డబ్బు చాలినదని ఆర్మ్‌స్ట్రాంగ్ వ్రాశాడు. ఏ పేట పేరు విని డేవిస్ ముఖము ముడుచుకొన్నాడో ఆ పేటయే ఆయన బ్యాండుకు వాద్యములు కొనిపెట్టింది. ఆయన ఆ రాత్రి ఏమి తలచాడో ఎవరును వ్రాసి ఉంచలేదు.

1914 జూన్ 16న న్యాయస్థానము లూయీని తండ్రికి అప్పగించి విడుదల చేసింది. గృహము విడిచివచ్చుటకు మనసు రాలేదని ఆయన తరువాత చెప్పాడు. దీనిని చదివి బందిఖానాయే మంచిదని అనుకొనేవారు ఉందురు. అట్లు అనుకొనరాదు. కట్టడి ఆ గృహములో ప్రతి పిల్లవానికిని దొరికింది, దెబ్బలును దొరికాయి. వాటివల్లనే మనుష్యులు తయారయ్యేటట్లయితే ఆ గేటు దాటిన వారందరును తయారై ఉండవలెను. లూయీకి అదనముగా దొరికినది ప్రతిదినము అభ్యాసము చేయించే ఒక మనుష్యుడు, నమ్మి చేతికిచ్చిన ఒక వస్తువు. హెన్రీ రీనా అను మరియొక బాలుడు కూడ ఆ గృహమునుండియే వచ్చి, కిడ్ రీనా అను పేరుతో ఆ పట్టణములో మంచి వాద్యగాడైనాడు. తక్కినవారిలో చాలమంది పేర్లు ఎవరికిని తెలియవు.

విడుదలైన తరువాతి రోజులే అసలు కష్టమైనవి. సంస్కరణము గూర్చి మాట్లాడేవారు ఈ భాగమును తరచు మరచిపోతారు. తండ్రి ఇంట మారుతల్లి బిడ్డలకు వంట చేస్తూ కొంతకాలము గడిపి, తిరిగి మేయాన్ వద్దకు, అదే యుద్ధభూమికి వచ్చాడు. పగలు బొగ్గు బండి తోలి, రాత్రి సారాకొట్లలో వాయించాడు. గృహములోని కార్నెట్ గృహములోనే ఉండిపోయింది. సొంత వాద్యము లేదు. అప్పుడు ఆదుకొన్నవాడు జో ఆలివర్, ఆ పట్టణములో పేరుమోసిన కార్నెట్ వాద్యగాడు. లూయీ ఆయన భార్య స్టెల్లాకు బజారు పనులు చేసిపెట్టేవాడు, ఆయన దానికి బదులుగా పాఠము చెప్పేవాడు. తన పాత కార్నెట్‌ను కూడ ఇచ్చాడు. 1918లో ఆలివర్ షికాగో వెళ్లగా, కిడ్ ఓరీ బ్యాండులో ఆయన స్థానము లూయీకి దక్కింది. తరువాత ఫేట్ మారబుల్ అను నాయకుని క్రింద మిసిసిపీ నదిమీది ఓడలలో వాయించాడు. స్వరలిపి చూచి చదువుట అతనికి ఇంకను బాగుగా రాదు. డేవిడ్ జోన్స్ అను తోటి వాద్యగాడు ఓడమీదనే కూర్చుండబెట్టి నేర్పాడు. డేవిస్, ఆలివర్, జోన్స్ అని ముగ్గురు చేతులు మారితేగాని ఆ విద్య పూర్తి కాలేదు.

ఆ తరువాతి కథ లోకమంతటికి తెలిసినదే గనుక త్వరగా చెప్పెదము. 1922లో ఆలివర్ పిలుపునందుకొని షికాగో వెళ్లాడు. 1923లో మొదటి గ్రామఫోను రికార్డులు. 1925నుండి 1928వరకు తన సొంత చిన్న బృందములతో చేసిన రికార్డులు జాజ్ సంగీతపు త్రోవనే మార్చివేశాయి. అంతవరకు అందరును కలిసి వాయించేదానిలో ఒక్కడు నిలువబడి తన మనసులోని మాటను స్వరముగా చెప్పవచ్చునని ఆయన చూపాడు. 1964లో, అరువది రెండేండ్ల వయస్సులో, హలో డాలీ అను పాటతో అమెరికా పాటల పట్టీలో బీటిల్స్ బృందమును మొదటి స్థానమునుండి దించాడు. సువార్త గీతములతోను, నీగ్రో భక్తిగీతములతోను 1958లో ఒక రికార్డు వెలువరించాడు.

నవ్వు ముఖముతో తెల్లవారిని సంతోషపెట్టేవాడని ఆయనను నల్లజాతి యువకులు కొందరు నిందించారు. ఆ నిందలో కొంత నిజమున్నదని అనేవారు నేటికిని ఉన్నారు. కాని 1957లో లిటిల్ రాక్ పట్టణములో నల్లపిల్లలను బడిలోనికి రానీయక సైనికులను అడ్డము నిలిపినప్పుడు, రాష్ట్రపు గవర్నరును, దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను బహిరంగముగా తప్పుపట్టి, ప్రభుత్వము పంపదలచిన రష్యా పర్యటనకు పోనని చెప్పినవాడు ఆయనే. పిల్లల సంగతి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

1931లో, పట్టణము విడిచిన తొమ్మిదేండ్లకు, ఆయన మొదటిసారి న్యూ ఆర్లియన్స్ తిరిగి వచ్చాడు. ఒక వేదికమీద ఆయనను పరిచయము చేయుటకు తెల్లజాతి రేడియో ప్రకటనకర్త నిరాకరించగా తన్ను తానే పరిచయము చేసికొని వాయించాడు. ఆ పర్యటనలోనే దిక్కులేని పిల్లల గృహమునకు వెళ్లాడు. కెప్టెన్ జోన్స్, పీటర్ డేవిస్, అప్పటి బ్యాండు పిల్లలు ఆయనతో కలిసి నిలువబడిన ఛాయాచిత్రము ఇప్పటికిని ఉన్నది. డేవిస్ లూయీ కీర్తిని చూచుకొని పని మానివేసినవాడు కాడు. ఆ పట్టణపు పిల్లలకు నేర్పుతూనే ఉన్నాడు. పిమ్మటి తరములో పేరు పొందిన డేవ్ బార్తొలొమ్యూ కూడ ట్రంపెట్ నేర్చుకొన్నది ఆయనవద్దనే.

1956లో ఆ రాష్ట్రము నల్లవారును తెల్లవారును ఒకే వేదికమీద వాయించరాదని శాసనము చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందములో రెండు జాతులవారును ఉన్నారు. బృందమును విడదీయుట ఇష్టము లేక, పుట్టిన పట్టణమునకు పోవుటయే మానుకొన్నాడు. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన తరువాత, 1965 అక్టోబరు 31న తిరిగి అడుగుపెట్టాడు. అప్పుడు ఆయనను కలిసికొన్నవారిలో వృద్ధుడైన పీటర్ డేవిస్ ఉన్నాడు.

న్యూయార్క్ నగరములో కొరోనా అను సామాన్యుల పేటలో 1943లో ఆయన భార్య లూసిల్ ఒక ఇల్లు కొన్నది. ఎంత ధనము వచ్చినను వారు ఆ పేటను విడువలేదు. 1971 జూలై 6న ఆ ఇంటిలోనే నిద్రలో ఆయన ప్రాణము విడిచాడు. అంత్యక్రియల ఆరాధన ఆ పేటలోని కాంగ్రిగేషనల్ సంఘపు గుడిలో జరిగింది. 2003నుండి ఆ ఇల్లు ప్రదర్శనశాలగా ఉన్నది. చివరి దినములలో తీసిన ఛాయాచిత్రములలో ఆయన ఆ ఇంటి మెట్లమీద కూర్చొని ఉంటాడు, చేతిలో ట్రంపెట్. చుట్టును వీధి పిల్లలు. వారిలో కొందరి చేతులలో కూడ బూరలు ఉన్నాయి.